కదలని లారీకి బహుమతి

నమోదు 1

కొండ్రాయనిపల్లె హైడ్రోజన్ కేంద్రానికి నేను ఇన్‌ఛార్జిని. పేరు మాబున్ని. ప్లాంటు లాగ్‌లో అంకెలు తప్ప ఇంకేమీ ఎక్కించడానికి వీల్లేదు. మాటలు ఎక్కిస్తే యంత్రం వాటిని గ్యాస్ లీకు అనుకుని సైరన్ మోగిస్తుంది. అందుకని అంకెల్లో ఇమడని సంగతులు ఇక్కడ విడిగా రాస్తున్నాను.

ఈ రోజు వడపోత గొట్టాలు విప్పి చూశాం. శుభ్రంగా ఉన్నాయి.

వినడానికి మంచి వార్తే. కానీ మా ప్రాంతపు నీళ్ళు ఎరిగినవాళ్ళెవరూ సంతోషించరు. ఇక్కడి నీళ్ళు గిన్నెలో కాస్తే అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. మేము ఎండ కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తాం. ఆ యంత్రాలకు ఉప్పు, సున్నం అంటకూడదు కాబట్టి ముందు వడకడతాం. నాలుగు రోజులకే గొట్టాలు సున్నం కొట్టిన గోడల్లా తయారవుతాయి. వాటిని గీకడమే మా ఎలక్ట్రీషియన్ సంజీవప్పకు సగం ఉద్యోగం.

"గీకేదానికి ఏమీ లేదు మేడమ్," అన్నాడు సంజీవప్ప, గొట్టాన్ని దుర్భిణిలా కంటికి పెట్టుకుని. "ఇన్నేండ్లు ఈ సున్నాన్ని తిట్టుకుంటి. ఇప్పుడు అది లేకపోతే దిగులు పట్టుకుండాది."

మా ప్లాంటు బోర్లు ఎప్పుడో ఎండిపోయాయి. నేను ఇక్కడికి రాకముందే తవ్వినవి అవి. ఊరి బోర్ల కంటే లోతుగా తవ్వి, ఊరివాటిని ముందు ఎండబెట్టి, ఆ తరవాత తామూ ఎండాయి. ఇప్పుడు మాకు నీళ్ళు తెచ్చేది ఊళ్ళోని లింగక్క ట్యాంకరు. మొన్నటిదాకా అది ఎక్కడెక్కడి బోర్ల సున్నపు నీళ్ళే తెచ్చేది. ఆ నీళ్ళను పరీక్షపెట్టెలో పోశాను. ఉప్పు లేదు. సున్నం లేదు. ఏమీ లేదు. వాన నీళ్ళయినా ఇంత శుభ్రంగా ఉండవు. పైగా వాన చూసి ఎన్నాళ్ళయిందో!

నమోదు 2

ప్రద్యుమ్న గారితో తెర మీద మాట్లాడాను. ఆయన మా చీఫ్. సముద్రం పాత తీరాన్ని మింగేశాక ప్రధాన కార్యాలయాన్ని ఒక పెద్ద ఓడలోకి మార్చారు. అందుకని తెర మీద ఆయన ఎప్పుడూ కాస్త ఎడమకీ కాస్త కుడికీ ఒరుగుతూ మాట్లాడతారు. చూసి చూసి నేను కూడా ఒరుగుతానని సంజీవప్ప అంటాడు.

"నీళ్ళలో ఏమీ లేదు సర్. నాకు అనుమానంగా ఉంది," అన్నాను.

"అనుమానం ఎందుకండీ? మన ప్లాంటు వల్ల భూగర్భజలం శుద్ధి అయింది. ఇవాళే ప్రకటన ఇస్తాను."

"సర్, మన ప్లాంటు భూగర్భజలాన్ని వాడేసింది. శుద్ధి చేయలేదు."

"వాడేస్తే మురికి కూడా పోయినట్టే కదా," అంటూ ఆయన కుడివైపు ఒరిగారు. "అసలు సంగతి వినండి. జిల్లాలో అన్ని ఊళ్ళకంటే ఎక్కువ హైడ్రోజన్ వాడుతున్నది మీ కొండ్రాయనిపల్లె. ఎక్కువ వాడిన ఊరికి ఎక్కువ ఉచిత కోటా ఇవ్వాలన్నది మన విధానం. ఎక్కువ కోటా ఇస్తే ఇంకా ఎక్కువ వాడుతున్నారు! ఎంత తిరుగుతున్నారండీ ఆ జనం! మీకు మూడో యూనిట్ మంజూరు చేశాం. బండ్లకు గ్యాస్ నింపే చోట్లు కూడా పెంచుతున్నాం."

తెర ఆపి కిటికీలోంచి రోడ్డు చూశాను. ఒక మేక అడ్డంగా పడుకుని ఉంది. చాలాసేపు చూశాను. దాన్ని లేపే బండి ఒక్కటీ రాలేదు.

నమోదు 3

ఈ రోజు లింగక్క ట్యాంకరు నీళ్ళు దించి వెనక్కి పోతుంటే బైకు మీద వెంట వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. ఊరి పొలిమేర ఇంకా రాకముందే హోరు వినిపించింది.

ముందు కనిపించింది జెయింట్ వీల్. ఎప్పుడో జాతరకు వచ్చినవాళ్ళు తాగడానికి నీళ్ళు లేవని దాన్ని వదిలేసి పారిపోయారట. అది తిరుగుతోంది. ఒక్క మనిషి కూడా ఎక్కలేదు. దాని పక్కన, మండే ఎండలో, వీధిదీపాలన్నీ వెలుగుతున్నాయి. ఇళ్ళ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల ఏసీలు నడుస్తున్నాయి. పిండిమర రాయి ఒట్టిగా తిరుగుతోంది. గింజ లేదు, పిండి లేదు.

వీటన్నిటికీ కరెంటు తీగలు ఒకే లారీలోంచి వస్తున్నాయి. ఆ లారీకి చక్రాలు లేవు. నాలుగు బండరాళ్ళ మీద నిలబెట్టి ఉంది. వెనక ఇరుసుకు బెల్టు తగిలించి పిండిమర తిప్పుతున్నారు. లారీ తోక గొట్టానికి గుడ్డ కట్టి, కింద తొట్టి పెట్టారు. ధారగా నీళ్ళు పడుతున్నాయి. ఆడవాళ్ళు కడవలతో వరుసలో నిలబడ్డారు.

హైడ్రోజన్ బండి సంగతి తెలియనివాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. గ్యాసు గాలితో కలిస్తే కరెంటు పుడుతుంది, పొగకు బదులు నీళ్ళు కారతాయి. కానీ ఆ నీళ్ళ కోసమే బండి నడపవచ్చని నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

డ్రైవరు సీటులో ఖాకీ చొక్కా వేసుకుని ఒకాయన కూర్చున్నాడు. లారీ యజమాని ఓబులపతి. కళ్ళు రోడ్డు మీద ఉన్నట్టే నిలబెట్టి, యాక్సిలరేటరు తొక్కుతున్నాడు.

"ఏం ఓబులపతన్నా, యాడికి పోతున్నావు?" అని అడిగాను, ఏమనాలో తెలియక.

"కదిరి దాటినా మేడమ్," అన్నాడు. "ఊరికే కూర్చుంటే నిద్ర వస్తాది. అందుకని దావ అనుకుంటాంటా. ఇంగ కొంచేపుంటే ఘాటు రోడ్డు ఎక్కల్ల."

ట్యాంకరు దిగి వచ్చింది లింగక్క. ఆరడుగుల మనిషి. నన్ను చూసి తడబడలేదు.

"రా పాపా. ఎప్పుడో ఒకప్పుడు వస్తావనుకుంటి."

"లింగక్కా, మాకు పోస్తున్నవి ఈ నీళ్ళేనా?"

"ఈ నీళ్ళే."

"మా గ్యాసు మీరు తెచ్చుకుని, నీళ్ళు చేసి, ఆ నీళ్ళు మాకే పోస్తే, మేము మళ్ళీ గ్యాసు చేసి మీకే..."

"అదే, అదే. ఎంత బాగా చెప్పినావు! మా వాళ్ళకు చెప్పేదానికి నాకు ఒక పూట పట్టింది."

"ఎందుకక్కా ఇదంతా?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "మా బోర్లు నీ ప్లాంటు తాగేసింది. తప్పు నీది కాదులే, నువ్వు అప్పుడు లేవు. ఇంగ మాకు నీళ్ళు యాడివి? బండి తోకలో ఉండాయి. బండికి గ్యాసు యాడిది? నీ కాడ ఉండాది. నీ మిషను ఆగితే బండి ఆగుతాది, బండి ఆగితే కడవ ఆగుతాది. అందుకని ముందు నీ మిషనుకు పోసి, మిగిలింది మేము తాగుతాండాం."

"మరి ఈ దీపాలు, జెయింట్ వీల్?"

"బండి ఊరికే ఆన్ చేస్తే చుక్క చుక్క పడతాది పాపా. కరెంటు లాగితేనే ధార. దీపం ఆర్పినోళ్ళకు ఈ ఊర్లో తిట్లే."

నేను నిలబడి ఉండగానే ఒక ముసలామె ఇంట్లోంచి తొంగిచూసి, "ఒసే, ఇస్త్రీపెట్టె కూడా పెట్టండే, ధార సన్నబడుతాంది!" అని కేకేసింది.

ఒక చెంబుతో నీళ్ళిచ్చారు. తాగాను. ఏ రుచీ లేదు. నా కళ్ళలో మాత్రం ఎందుకో నీళ్ళు తిరిగాయి. అవి ఉప్పగానే ఉన్నాయి.

నమోదు 4

లెక్క వేసి చూశాను. ఈ చక్రం ఎక్కువ కాలం తిరగదు. తిరిగిన ప్రతిసారీ కొంత జనం తాగుతారు, కొంత ఆవిరైపోతుంది, దూరం పోయే లారీలు కొంత గ్యాసును తమతో తీసుకుపోతాయి. లోటు ఎలా పూడుతోందని లింగక్కను అడిగాను. హైవే పక్కన ఉన్న వాళ్ళ టీ కొట్టుకు తీసుకుపోయింది. బోర్డు మీద ఇలా రాసి ఉంది: "టీ ఉచితం. దోసె ఉచితం. ఇంజన్ ఆపరాదు."

తీరంలో గ్యాసు నింపుకుని వచ్చిన పెద్ద లారీలు అక్కడ బారులు తీరి, హోరుమంటూ నిలబడి ఉన్నాయి. ప్రతి తోక కిందా ఒక బకెట్టు. లారీలకు తీగలు తగిలించి, ఆ కరెంటుతోనే దోసెలు పోస్తున్నారు. డ్రైవర్లకు విసుగు పుట్టకుండా లింగక్క తమ్ముడు హరికథ కూడా చెబుతున్నాడు. కథ ఎంతకూ ముగించవద్దని అతనికి ఆర్డరు.

"ఇది సముద్రం నీళ్ళు పాపా," అంది లింగక్క బకెట్టు చూపిస్తూ. "అంత దూరం నుంచి గ్యాసయి, డబ్బాల్లో కూర్చుని వచ్చిండాయి."

ఆ మాట నాకు రోజంతా చెవిలో ఉండిపోయింది.

నమోదు 5

మూడో యూనిట్ దిగింది. రెండు క్రేన్లు వచ్చాయి. కొత్త యంత్రాలు మొదలైతే ఇప్పటికి రెండింతల నీళ్ళు కావాలి. అంటే ఊళ్ళోవాళ్ళు తాగేవి కూడా పోయాలి.

ప్రద్యుమ్న గారికి ఉన్నదున్నట్టు చెప్పేద్దామని తెర పెట్టాను. నేను నోరు తెరిచేలోపు ఆయనే తెరిచారు.

"మాబున్ని గారూ, శుభవార్త! ఈ ఏటి 'ఉత్తమ రవాణా వాహనం' బహుమతి మీ ఊరి లారీకే. యజమాని పేరు ఓబులపతి. దేశంలో ఏ లారీ కూడా అంత గ్యాసు వాడలేదు. ఆగకుండా తిరిగిన మహానుభావుడండీ!"

"సర్, ఆ లారీ గురించే..."

"నేనే స్వయంగా వస్తున్నాను. ఆ లారీలోనే ఊరంతా ఊరేగి, మూడో యూనిట్ ప్రారంభిస్తాను."

"సర్, ఆ లారీ కదలదు."

"వినయం! నాకు నచ్చింది," అని ఎడమవైపు ఒరిగి మాయమయ్యారు.

నమోదు 6

ఊళ్ళో కూర్చుని మాట్లాడుకున్నాం. చీఫ్‌కు కోపం వస్తే ఉచిత కోటా పోతుంది. కోటా పోతే జనం ఊరు వదిలి పోవలసిందే. ఇంకో దారి లేదు. హైవే మీద నిలబెట్టిన లారీలతో టీ కొట్టు నడుస్తుందేమో గాని ఊరు నడవదు.

సంజీవప్ప ఒక ఉపాయం చెప్పాడు. చీఫ్‌ను లారీలో కూర్చోబెట్టి, మనుషులు చెట్టుకొమ్మలు పట్టుకుని కిటికీల పక్కన ముందు నుంచి వెనక్కి పరిగెత్తితే, లారీయే పోతున్నట్టు అనిపిస్తుందట. ఇద్దరు అప్పుడే కొమ్మలు నరకడానికి లేచారు. నరకడానికి చెట్లు లేవని గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నారు.

లింగక్క అందరినీ కసిరింది. "సిగ్గులేదా మీకు? నీళ్ళు తాగేది దొంగతనమా దాచిపెట్టేకి? ఉండేది ఉన్నట్టు చూపిస్తాం. చూడనీ."

అందరూ లేచిపోయాక ఓబులపతి నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, వాళ్ళు బహుమతి ఇస్తే తీసుకోవల్లనా? నేను బండి తోలి ఏడాది దాటింది. చక్రాలు విప్పి టైర్లు కోసి తొట్లు చేసుకున్యారు. నేనే కోసినా. ఊరు ఉండల్ల కదా." చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. "తోలని డ్రైవరుకు బహుమతి ఇస్తే, తోలే డ్రైవర్లు ఏమనుకుంటారు?"

ఇన్నాళ్ళలో ఈ లెక్కంతటిలో నేను ఆయనను లెక్కపెట్టలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలని సీటులో కూర్చుని కదిరి ఘాటు ఎక్కుతున్న మనిషి.

నమోదు 7

చీఫ్ వచ్చారు.

కారు దిగగానే పడబోయారు. ఇన్నేళ్ళు ఓడలో బతికిన కాళ్ళకు నేల కొత్త. నిలబడిన నేల ఊగుతున్నట్టుందని నా భుజం పట్టుకున్నారు. "మీ ఊరు చాలా కదులుతోందండీ," అన్నారు.

"లేదు సర్, ఇది నేల."

"ఊగుతోంది. ఫరవాలేదు, అలవాటే."

లారీ ముందు నిలబెట్టాను. బండరాళ్ళు చూపించాను. "సర్, చూడండి. చక్రాలు లేవు." ఆయన చూశారు. "కొత్త మోడలా?" అని అడిగి, మెట్టెక్కి క్యాబిన్‌లో కూర్చున్నారు. నేను కూడా ఎక్కాను. ఓబులపతి నావైపు చూశాడు. నేను తల ఊపాను. అతను స్టార్ట్ చేశాడు.

జెయింట్ వీల్ తిరగసాగింది. బ్యానరు కట్టడానికి ఎక్కిన సంజీవప్ప దానితో పాటు పైకి లేచాడు. వీధిదీపాలు వెలిగాయి. పిండిమర హోరెత్తింది. లారీ బండరాళ్ళ మీద సన్నగా వణికింది.

చీఫ్ సీటు గట్టిగా పట్టుకున్నారు. "ఆహా! ఏం వేగం!"

"సర్, మనం కదలడం లేదు," అన్నాను.

"మెల్లగా పొమ్మనండి. మలుపుల దగ్గర జాగ్రత్త."

ఓబులపతి ఆయనను జాలిగా చూసి, యాక్సిలరేటరు మీద కాలు సడలించాడు. మలుపు తిరుగుతున్నట్టు స్టీరింగు కూడా కొంచెం తిప్పాడు. అలవాటు.

"ఇప్పుడు ఎక్కడున్నాం?" అన్నారు చీఫ్. మొహం పచ్చబడుతోంది.

"కొండ్రాయనిపల్లె సామీ."

"ఇందాక కూడా అదే కదా. ఎంత పెద్ద ఊరయ్యా! ఆపు, ఆపు, నాకు కడుపులో తిప్పుతోంది!" అని ఆయనే చెయ్యి చాచి తాళం తిప్పేశారు.

అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. హోరు పోయింది. జెయింట్ వీల్ శిఖరాన సంజీవప్ప ఆగిపోయి, "ఓయ్! ఎవడప్పా ఆపింది?" అని అరుస్తున్నాడు. వెనక తొట్టిలో ధార తెగి, టప్, టప్ అని చివరి చుక్కలు పడ్డాయి.

చీఫ్ కిందికి దిగి వాంతి చేసుకున్నారు. గుడ్డ కట్టిన గొట్టానికి ఆనుకుని, "నీళ్ళు... నోరు కడుక్కోవాలి," అన్నారు.

లింగక్క ఖాళీ గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"నీళ్ళేవమ్మా?"

"నువ్వే కదా సామీ ఆపేసినావు. తాళం తిప్పల్ల."

తొట్టి నిండా నీళ్ళున్నాయి. లింగక్క దాని మీద చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. "ఇవి ముందొచ్చినోళ్ళవి. వరుసలో ఉండారు చూడు. నీకు కావల్లంటే నీవి నువ్వు చేసుకోవల్ల."

చీఫ్ నా వైపు చూశారు. నేను క్యాబిన్ వైపు చెయ్యి చూపించాను. ఆయన తడబడుతూ క్యాబిన్ ఎక్కి, తాళం తిప్పి, మళ్ళీ దిగి వచ్చి, గ్లాసు గొట్టం కింద పెట్టారు. వీల్ తిరిగి సంజీవప్ప కిందికి వస్తున్నాడు. గ్లాసులో ఒక చుక్క పడింది. ఇంకొకటి. ఆయన వంగి కళ్ళార్పకుండా చూస్తున్నారు. వెనక కడవలతో వరుస. ఎవరూ తొందర పెట్టలేదు. గ్లాసు సగమయ్యేసరికి ఆయన మొహంలో పసుపు పోయి ఇంకేదో రంగు వచ్చింది.

నోరు కడుక్కోలేదు. తాగేశారు.

"మాబున్ని గారూ," అన్నారు చివరికి. "ఈ లారీకి చక్రాలు లేవు."

"లేవు సర్."

"నేను పైవాళ్ళకు, దేశంలో ఎక్కువ తిరిగిన లారీ ఇదేనని రాశాను. వాళ్ళు ఇంకా పైవాళ్ళకు రాశారు. ఇప్పుడు కాదని ఎలా చెప్పను?"

"చెప్పక్కర్లేదు సర్. ఇది రవాణాయే. బండి కదలలేదు గాని నీళ్ళు కదిలాయి. టీ కొట్టు దగ్గరికి రండి, చూపిస్తాను."

సముద్రం నీళ్ళ బకెట్లు చూపించాను. అడిగాను: తీరంలో మన ప్లాంట్లు ఎంత గ్యాసు మిగిల్చుకుంటున్నాయి? కొనేవాళ్ళు లేక రోజూ గాలికి వదిలేస్తున్నామని ఆయన నేల చూపులు చూస్తూ చెప్పారు. "మరి ఆ మిగులు ఇక్కడికి పంపండి సర్. ఈ మూడో యూనిట్‌ను తిరగేస్తాం. ఉన్న నీళ్ళను గ్యాసు చేయడం ఆపి, వచ్చిన గ్యాసును నీళ్ళు చేస్తాం. కరెంటు ఊరికి. నీళ్ళు ఊరికి. విస్తరణ విస్తరణే."

"ప్లాంటును వెనక్కి నడపడమా?" అన్నారాయన. "దాన్ని ఏమని రాయను?"

"ఎటు నడిచినా నడక కిందే రాయొచ్చు కదప్పా," అంది లింగక్క.

ఆయన చాలాసేపు ఊగుతూ ఆలోచించారు. ఈసారి ఆ ఊగడం నేలదో, ఆలోచనదో నాకు తెలియలేదు. తరవాత ఊళ్ళోకి తిరిగి వచ్చి, జేబులోంచి పతకం తీసి, లారీ అద్దానికి తగిలించారు. ఓబులపతికి నమస్కారం పెట్టారు.

నమోదు 8

అనుమతి వచ్చింది. కాగితంలో "ప్రతిదిశా విస్తరణ" అని రాశారు. దాని అర్థం ఏమిటని ఎవరూ అడగలేదు, అందరూ మెచ్చుకున్నారు. వేరే జిల్లాల ప్లాంట్ల వాళ్ళు మా ప్రతిదిశను నేర్చుకోవడానికి వస్తామంటున్నారు.

మొదటి రెండు యూనిట్లు ఆపేశాం. మూడోది తిరగబడి నడుస్తోంది. ఊరికి గొట్టం వేశాం. ఈ రోజు మొదటిసారి లింగక్క ట్యాంకరు మా గేటుకు రాలేదు. నేనే వెళ్ళి ఆమెను చూసి వచ్చాను. ఇంట్లో దీపం ఆర్పి, చీకటిగదిలో హాయిగా కూర్చుని ఉంది. "ఈ చీకటి చూసి ఎన్నాళ్ళయింది పాపా," అంది.

సంజీవప్పకు గీకే పని పూర్తిగా పోయింది. జెయింట్ వీల్ చూసుకుంటానని అడిగి మరీ తీసుకున్నాడు. ఇప్పుడు దాని మీద మనుషులు ఎక్కుతున్నారు.

నమోదు 9

తీరం నుంచి గ్యాసు తేవడానికి ఇప్పుడున్న లారీలు చాలడం లేదు. ఓబులపతి లారీకి కొత్త చక్రాలు వేశాం.

పొద్దున్నే ఊరంతా వచ్చింది. బండరాళ్ళ మీద నుంచి లారీ నేలకు దిగినప్పుడు ఓబులపతి చక్రాలను ఒక్కొక్కటిగా తడిమి చూశాడు. "మేడమ్, దావ మర్చిపోయి ఉంటానేమో," అన్నాడు. రోజూ పోయిన దారే కదన్నా, అన్నాను. నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని స్టార్ట్ చేశాడు.

లారీ కదిలింది. నిజంగా కదిలింది. తోక నుంచి నీళ్ళు కారుతూ మట్టి మీద సన్నని తడి గీత పడింది. ఆ గీత చూడగానే ఆడవాళ్ళు అలవాటు కొద్దీ కడవలు ఎత్తుకుని వెనకాలే నడవసాగారు. అద్దంలో చూసి ఓబులపతి ఆగాడు. వాళ్ళు దగ్గరికి వచ్చేసరికి, ఆగిన లారీని చూసి వాళ్ళే తికమకపడ్డారు. ఒకావిడ కడవ కింద పెట్టబోయింది.

"ఏమే, బండిని పోనీయండే!" అని లింగక్క అరిచింది. "ఇంట్లో కొళాయి ఉండాది కదా!"

వాళ్ళకు నవ్వు వచ్చింది. కడవలు చంకన పెట్టుకుని రోడ్డు మీదే నిలబడిపోయారు. లారీ మళ్ళీ కదిలి హైవే ఎక్కింది, తూర్పుకు తిరిగింది. వెనక తడి గీత పొడుగ్గా సాగుతూ పోయింది. ఎండకు ఆరిపోయేదాకా ఎవరూ దాన్ని తొక్కలేదు.